ఫిట్స్‌కు ఉల్లిపాయ మందవుతుందా? మొక్కల్లోని ఫ్లేవనాయిడ్స్‌పై ల్యాబ్‌లో తేలిందేంటి.. ఇంట్లో జరుగుతున్నదేంటి?

రోడ్డు మీద ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే మన దగ్గర వెంటనే రెండు వస్తువులు బయటికొస్తాయి. ఒకటి తాళాల గుత్తి.. రెండోది ఉల్లిపాయ. తాళాలు చేతిలో పెడతారు. ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. ఒకట్రెండు నిమిషాల్లో కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగిపోతుంది. "చూశారా, ఉల్లిపాయ పని చేసింది" అనుకుంటారు చుట్టూ ఉన్నవాళ్లు.

నిజానికి అక్కడ ఉల్లిపాయ చేసిందేమీ లేదు. చాలా వరకు ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఉల్లిపాయ పెట్టినా అంతే, పెట్టకపోయినా అంతే.

అయితే విచిత్రం ఏంటంటే.. అదే ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్ అనే పదార్థాన్ని శాస్త్రవేత్తలు కూడా మూర్ఛ మీద పరీక్షిస్తున్నారు. అదొక్కటే కాదు, మొక్కల్లో దొరికే ఫ్లేవనాయిడ్స్ అనే పెద్ద కుటుంబం మొత్తం మీద మూడు దశాబ్దాలకు పైగా పరిశోధన నడుస్తోంది. ఎలుకల్లో వచ్చిన ఫలితాలు కొన్ని నిజంగానే ఆశ పుట్టించేలా ఉన్నాయి.

సమస్య ఎక్కడ వస్తోందంటే.. ఎలుకల్లో వచ్చిన ఫలితం ఫోన్ స్క్రీన్ మీదకు వచ్చేసరికి "ఈ ఆకు రసం తాగితే ఫిట్స్ మాయం" అని మారిపోతోంది. అది నమ్మి డాక్టర్ రాసిన మాత్ర ఆపేస్తే ప్రాణం మీదకు వస్తుంది. అందుకే సైన్స్ ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది అన్నది తెలుసుకోవడం అవసరం.

ఫ్లేవనాయిడ్స్ అంటే ఏంటి?

మొక్కలు తమ రక్షణ కోసం తయారు చేసుకునే పదార్థాలివి. పువ్వులకు, పండ్లకు రంగు ఇచ్చేవి వీటిలో చాలానే ఉన్నాయి. ఇప్పటివరకు వేల రకాలను గుర్తించారు. మన వంటింట్లోనూ ఇవి బోలెడు. ఉల్లిపాయలో, మునగాకులో క్వెర్సెటిన్.. కమలా, బత్తాయి తొక్కల్లో హెస్పెరిడిన్.. పంపరపనసలో నారింజిన్.. టీ ఆకులో కాటెకిన్స్. మనం రోజూ తింటున్నవే, తాగుతున్నవే.

మరి వీటికి, మూర్ఛకు సంబంధం ఏంటి? దానికి ముందు ఫిట్స్ వచ్చినప్పుడు తలలో ఏం జరుగుతుందో చూద్దాం.

మెదడులో బ్రేక్ ఫెయిలైతే..

మెదడులో కోట్ల కొద్దీ నరాల కణాలు కరెంటు సంకేతాలతో మాట్లాడుకుంటాయి. ఈ సంకేతాలను ముందుకు తోసే రసాయనం గ్లుటమేట్. అదుపు చేసే రసాయనం గాబా. ఒకటి యాక్సిలరేటర్ అయితే ఇంకొకటి బ్రేక్ అన్నమాట. ఈ రెండింటి మధ్య లెక్క తప్పి వేలాది కణాలు ఒకేసారి అదుపు లేకుండా సంకేతాలు పంపడం మొదలుపెడితే వచ్చేదే ఫిట్స్.

డయాజెపామ్, క్లోనజెపామ్, క్లోబజామ్ లాంటి మందులు సరిగ్గా ఈ బ్రేక్ దగ్గరే పని చేస్తాయి. గాబా వచ్చి కూర్చునే గ్రాహకాన్ని పట్టుకుని బ్రేక్ ఇంకాస్త గట్టిగా పడేలా చూస్తాయి. ఈ మందుల గుంపును బెంజోడయజెపైన్స్ అంటారు. కొన్ని ఫ్లేవనాయిడ్స్ కూడా వెళ్లి అదే చోట అతుక్కుంటాయని తేలడంతో పరిశోధకుల దృష్టి వీటి మీద పడింది.

1990లో ఓ పువ్వుల తీగతో..

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో జార్జ్ మెదీనా, అలెహాండ్రో పలదీని బృందం 1990లో ఓ పరిశోధన ప్రచురించింది. ప్యాషన్ ఫ్లవర్ జాతికి చెందిన ఓ తీగ నుంచి క్రైసిన్ అనే ఫ్లేవనాయిడ్‌ను వాళ్లు వేరు చేశారు. మన ఇళ్ల ముందు కృష్ణకమలం, రాఖీ పువ్వు అని పెంచుకునే తీగలు కూడా ఈ జాతివే. చిట్టెలుకలకు రసాయనంతో ఫిట్స్ తెప్పించి చూస్తే, క్రైసిన్ ఆ ఫిట్స్‌ను అడ్డుకుంది.

అసలైన పరీక్ష ఆ తర్వాత జరిగింది. డయాజెపామ్ పని చేసే చోటును మూసేసే మందును ఎలుకలకు ఇచ్చారు. దాంతో క్రైసిన్ ప్రభావం పోయింది. అంటే క్రైసిన్ గాలివాటంగా కాకుండా, ఆ తలుపు గుండానే పని చేస్తోందని రుజువైంది.

2004లో మరో అడుగు పడింది. సేజ్ మొక్కలో దొరికే హిస్పిడులిన్ అనే ఫ్లేవనాయిడ్ రక్తం నుంచి మెదడులోకి వెళ్లగలుగుతోందని, పుట్టుకతోనే ఫిట్స్ వచ్చే జెర్బిల్ అనే ఎలుక జాతిలో వాటిని తగ్గిస్తోందని తేలింది. మెదడు చుట్టూ ఉండే రక్షణ గోడను దాటడం ఏ మందుకైనా పెద్ద పరీక్షే. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇంకో కోణం కూడా ఉంది. ఫిట్స్ పదే పదే వస్తే మెదడు కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి, వాపు పెరుగుతాయి. జంతువుల్లో చేసిన పరీక్షల్లో క్వెర్సెటిన్, నారింజెనిన్ లాంటివి ఈ నష్టాన్ని తగ్గించినట్టు కనిపించింది. ఇప్పుడు మార్కెట్‌లో ఉన్న మందులు ఫిట్స్ రాకుండా ఆపుతాయి తప్ప, తలకు దెబ్బ తగిలిన తర్వాత మూర్ఛ వ్యాధి మొదలవకుండా ఆపగలిగే మందు ఇప్పటికీ ఒక్కటీ లేదు. ఫ్లేవనాయిడ్స్ మీద ఆశ పెట్టుకోవడానికి ఇదో ముఖ్యమైన కారణం.

పైగా అందుబాటులో ఉన్న మందులు ఎన్ని వాడినా సుమారు మూడింట ఒక వంతు పేషెంట్లకు ఫిట్స్ పూర్తిగా అదుపులోకి రావు. వాళ్ల కోసమైనా కొత్త దారులు వెతకాల్సిందే.

ఎలుకకు పని చేస్తే మనిషికీ చేస్తుందా?

అసలు చిక్కు ఇక్కడే. క్రైసిన్‌నే తీసుకుందాం. 2001లో ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు 400 మిల్లీగ్రాముల క్రైసిన్ నోటి ద్వారా ఇచ్చి చూశారు. రక్తంలోకి చేరింది దాదాపు శూన్యం. పేగులు, కాలేయం కలిసి దాన్ని మార్చేశాయి. చాలా భాగం అలాగే మలంలో బయటికి వెళ్లిపోయింది. రక్తంలోకే రానిది మెదడుకు ఎలా చేరుతుంది?

క్వెర్సెటిన్ పరిస్థితీ ఇంచుమించు అలాంటిదే. తిన్నదాంట్లో చాలా భాగం పేగుల్లో, కాలేయంలో రూపం మారిపోతుంది. ఎలుకల్లో చేసే ప్రయోగాల్లో కిలో బరువుకు పదుల మిల్లీగ్రాముల చొప్పున ఇస్తుంటారు. చాలాసార్లు నోటి ద్వారా కాకుండా నేరుగా కడుపులోకి ఇంజెక్షన్ చేస్తారు. ఎలుకకు, మనిషికి ఉన్న తేడాను సర్దుబాటు చేసి లెక్క వేసినా, 60 కిలోల మనిషికి రోజుకు వందల మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల ఉల్లిపాయలో ఉండేది కొన్ని పదుల మిల్లీగ్రాములే. ఉజ్జాయింపుగా చూసినా రోజుకు కిలోకు పైగా ఉల్లిపాయలు తినాలన్నమాట!

ఇక ముక్కు దగ్గర పెడితే ఏమైనా ఉపయోగం ఉంటుందా? అదీ లేదు. ఉల్లిపాయ ఘాటు సల్ఫర్ పదార్థాలది. క్వెర్సెటిన్‌కు ఆవిరై ముక్కులోకి వెళ్లే గుణం లేదు.

మరో తేడా కూడా చూడాలి. ల్యాబ్‌లో చాలా ప్రయోగాలు ఒకే పద్ధతిలో సాగుతాయి. ముందు ఫ్లేవనాయిడ్ ఇస్తారు, తర్వాత రసాయనంతో ఫిట్స్ తెప్పిస్తారు, ఎంత ఆలస్యంగా వచ్చాయో కొలుస్తారు. మనిషికి వచ్చే మూర్ఛ అలా ఉండదు. ఒకరికి పుట్టినప్పుడు ఆక్సిజన్ అందక, ఒకరికి తలకు దెబ్బ తగిలి, ఒకరికి మెదడులో పురుగు తిత్తులు ఏర్పడి, ఇంకొకరికి జన్యువుల వల్ల.. ఇలా కారణాలే వేరు. ఏళ్ల తరబడి మందు వాడాల్సిన జబ్బు ఇది. మూర్ఛకు చికిత్సగా ఆమోదం పొందిన ఫ్లేవనాయిడ్ మందు నేటికీ లేదు.

గంజాయి మొక్క నుంచి వచ్చిన మందు ఏం చెబుతోంది?

మొక్క నుంచి మూర్ఛ మందు రానే రాదా అంటే.. వచ్చింది. గంజాయి మొక్కలో ఉండే కన్నాబిడయాల్ అందుకు ఉదాహరణ. ఇది ఫ్లేవనాయిడ్ కాదు, వేరే జాతి పదార్థం. మత్తు ఎక్కించేది కూడా ఇది కాదు. దీన్ని శుద్ధి చేసి తయారు చేసిన ఎపిడయోలెక్స్ అనే మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 జూన్‌లో అనుమతి ఇచ్చింది. అదీ డ్రావెట్, లెనాక్స్ గాస్టాట్ అనే రెండు అరుదైన, తీవ్రమైన మూర్ఛ రకాలకు మాత్రమే.

ఆ అనుమతి వెనుక ఉన్న పరీక్షల్లో ఒకటి 2017లో ప్రచురితమైంది. డ్రావెట్ సిండ్రోమ్ ఉన్న 120 మంది పిల్లలు, యువతీ యువకులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అసలు మందు, రెండో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్త ద్రవం. ఎవరికి ఏది వెళ్లిందో ఇంట్లోవాళ్లకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. మందు తీసుకున్న గుంపులో నెలకు వచ్చే తీవ్రమైన ఫిట్స్ మధ్యస్థ సంఖ్య 12.4 నుంచి 5.9కి తగ్గింది. ఉత్త ద్రవం తీసుకున్న గుంపులో 14.9 నుంచి 14.1కి మాత్రమే తగ్గింది.

ఈ రెండో గుంపు ఎందుకు అంటారా? ఉల్లిపాయ కథ గుర్తుందిగా. ఫిట్స్ తనంతట తానే ఆగిపోతే కూడా మందు పని చేసిందనే అనిపిస్తుంది. నెలకు పది సార్లు వచ్చేవి ఒక్కో నెల ఐదు సార్లే రావచ్చు. ఆ నెలలో ఏ ఆకు రసం తాగితే దానికే పేరొస్తుంది. పోల్చి చూసే గుంపు లేకపోతే నిజం తెలిసే అవకాశమే లేదు.

ఇంకో మాట. ఈ మందుకూ సైడ్ ఎఫెక్ట్స్ ఉన్నాయి. మగత, విరేచనాలు, కొందరిలో కాలేయ ఎంజైమ్‌లు పెరగడం కనిపించాయి. ముఖ్యంగా వాల్‌ప్రోయేట్ కూడా వాడుతున్నవారిలో కాలేయ సమస్య ఎక్కువగా బయటపడింది. అందుకే రక్త పరీక్షలు చేస్తూ ఇస్తారు. ఫ్లేవనాయిడ్స్ కూడా మందు కావాలంటే ఇదే దారిలో నడవాలి.

"మొక్కే కదా, ఏమవుతుందిలే" అనుకుంటే..

చాలామంది అనే మాట ఇది. కానీ ల్యాబ్‌లో ఎలుకలకు ఫిట్స్ తెప్పించడానికి వాడే పదార్థాలు కొన్ని మొక్కల నుంచి వచ్చినవే! పిక్రోటాక్సిన్ అనేది కాకమారి గింజల్లో ఉండే విషం. పైలోకార్పిన్ దక్షిణ అమెరికాలోని ఓ మొక్క ఆకుల నుంచి వస్తుంది. మన అడవుల్లో కనిపించే విషముష్టి గింజల్లోని స్ట్రిక్నిన్ ఒళ్లంతా బిగుసుకుపోయేలా చేస్తుంది.

అంత దూరం ఎందుకు.. ఇంట్లో ఉండే కర్పూరం పొరపాటున మింగిన చిన్న పిల్లలకు ఫిట్స్ వస్తాయి. నీలగిరి తైలం పీల్చిన తర్వాత ఫిట్స్ వచ్చిన కేసులను బెంగళూరు వైద్యులు 2017లో ఓ వైద్య పత్రికలో నమోదు చేశారు. జలుబు చేసిందని ఆవిరి పట్టడానికి మనం వాడేది కూడా ఈ తైలమే. ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇక మందుతో కలిసినప్పుడు వచ్చే తంటా వేరు. పంపరపనసకు దగ్గరి చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ రసం తాగితే కార్బమజెపైన్ అనే మూర్ఛ మందు రక్తంలో పెరిగిపోతుంది. ఆ పండులోని పదార్థాలు పేగుల్లో మందును విడగొట్టే ఎంజైమ్‌ను అడ్డుకోవడమే కారణం. మందు మోతాదు పెరిగితే తల తిరగడం, తూలిపోవడం, చూపు మసకబారడం లాంటివి మొదలవుతాయి. మిరియాల్లోని పైపరిన్ కూడా ఫెనిటోయిన్ మోతాదును పెంచుతుందని పరిశోధనల్లో తేలింది. చారులో వేసుకునే నాలుగు మిరియాల గురించి భయపడక్కర్లేదు. కానీ గాఢమైన ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్ విషయం వేరు.

అన్నిటికంటే ప్రమాదకరమైంది ఇంకొకటి ఉంది. ఫిట్స్‌కు మూలికా పొడి అని అమ్మిన వాటిలో ఫెనోబార్బిటాల్ లాంటి ఇంగ్లిష్ మందులే కలిపి ఉన్నట్టు ల్యాబ్ పరీక్షల్లో బయటపడిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. పేషెంట్‌కు తెలియకుండానే, ఎంత మోతాదో తెలియకుండానే లోపలికి వెళ్తుంది. పొడి అయిపోయి ఓ వారం ఆలస్యమైతే మందు ఒక్కసారిగా ఆగిపోయినట్టే. ఫిట్స్ విరుచుకుపడతాయి.

మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుంది?

మూర్ఛ మందులు ఎవరికీ ఇష్టం ఉండవు. వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరుగుతుంది, జుట్టు రాలుతుంది. ఫెనిటోయిన్‌తో చిగుళ్లు ఉబ్బుతాయి. లెవెటిరాసెటామ్ వాడే కొందరికి ఊరికే చిరాకు, కోపం వస్తాయి. "రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు కదా, ఇంకెందుకు" అన్న ఆలోచన కూడా సహజమే. ఈ బాధలు నిజమైనవి. కానీ దానికి పరిష్కారం మందు మార్చమని, మోతాదు తగ్గించమని డాక్టర్‌ను అడగడమే.

ఉన్నపళంగా ఆపేస్తే ఫిట్స్ తిరిగి రావడమే కాదు, ఒకదాని వెనుక ఒకటి ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. వైద్య భాషలో దీన్ని స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారు. ఇది ఎమర్జెన్సీ. మూర్ఛ ఉన్నవారిలో అకాల మరణం ముప్పు మిగతావారి కంటే మూడు రెట్ల వరకు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చట్టం ఏం చెబుతోంది?

ఫిట్స్ పూర్తిగా నయం చేస్తామంటూ ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బుల జాబితా ఇచ్చి, వాటిని నయం చేస్తామని మందుల ప్రకటనలు వేయకూడదని నిషేధించింది. ఆ జాబితాలో మూర్ఛ పేరు స్పష్టంగా ఉంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు.

అయితే ఆ చట్టం వచ్చేనాటికి ప్రకటన అంటే పేపర్లో వేసేది, గోడ మీద అంటించేది, మైకులో చెప్పేది. ఇప్పుడు ఒక వీడియో గంటలో వేల ఫోన్లకు చేరుతుంది. "మందు" అనకుండా "చిట్కా" అంటే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. చూసేవాళ్లకు మాత్రం రెండూ ఒకటే.

అసలు లోటు ఎక్కడుంది?

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. మన దేశంలో ఆ సంఖ్య కోటికి పైనే ఉంటుందని అంచనా. సరిగ్గా గుర్తించి మందు ఇస్తే వీళ్లలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందుకు ఏడాదికి 5 డాలర్లంత తక్కువ ఖర్చయ్యే మందులు కూడా ఉన్నాయి. ఫెనోబార్బిటాల్, ఫెనిటోయిన్, కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్ మన దేశ అత్యవసర మందుల జాబితాలోనూ ఉన్నాయి. అయినా పేద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి చికిత్స అందడం లేదు.

డబ్బు, దూరం ఒక కారణమైతే.. సిగ్గు ఇంకో కారణం. ఆడపిల్లకు ఫిట్స్ ఉంటే సంబంధం కుదరదని దాచేస్తారు. పెళ్లయ్యాక అత్తింట్లో మాత్రల షీట్ కనబడకూడదని ఆపేస్తారు. మాత్ర కనిపిస్తే జబ్బు బయటపడుతుంది. ఆకు రసమైతే ఎవరూ అడగరు! చిట్కా వీడియోలకు గిరాకీ పుట్టేది ఇలాంటి ఇళ్లలోనే. నిజానికి మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లికి అనర్హులు అనే నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. చట్టం మారి పాతికేళ్లు దాటింది. పెళ్లిచూపుల్లో మాటలు మాత్రం మారలేదు.

2022లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ప్రణాళిక 2031కి మూడు లక్ష్యాలు పెట్టింది. మూర్ఛ ఉన్నవారిలో 90 శాతం మందికి ఇది చికిత్స ఉన్న జబ్బని తెలియాలి. 80 శాతం మందికి అందుబాటు ధరలో మందు దొరకాలి. మందు వాడేవారిలో 70 శాతం మందికి ఫిట్స్ అదుపులోకి రావాలి. ఈ మూడూ ఇప్పుడున్న మందులతో సాధించగలిగినవే. కొత్త మొక్క కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఎదురుగా ఎవరికైనా ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

ముందు టైమ్ చూసుకోండి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరపండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. మెడ దగ్గర బిగుతుగా ఉన్నవి వదులు చేయండి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నురగ గొంతులోకి పోకుండా ఉంటుంది. నోట్లో చెంచా, గుడ్డ, వేళ్లు ఏవీ పెట్టొద్దు. నీళ్లు పోయొద్దు. గట్టిగా అదిమి పట్టుకోవద్దు. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా, గర్భిణికి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

తాళాలు జేబులోనే ఉంచండి. ఉల్లిపాయ కూరలో వేసుకోండి. మునగాకు, కమలా, టీ.. అన్నీ మామూలుగా తినొచ్చు, తాగొచ్చు. క్యాప్సూల్, పొడి, కషాయం రూపంలో ఏది మొదలుపెట్టాలన్నా ముందు డాక్టర్‌కు చూపించండి. ఇప్పటికే ఏదైనా వాడుతుంటే ఆ డబ్బా తీసుకెళ్లి చూపించండి, తిడతారేమోనని దాచొద్దు.

క్రైసిన్ కథ మొదలై ముప్పై ఐదేళ్లు దాటింది. రేపెప్పుడో ఫ్లేవనాయిడ్ నుంచి ఓ మంచి మందు రావొచ్చు. అది వచ్చిన రోజు కూడా డాక్టర్ చీటీ మీద, మోతాదు రాసి, మెడికల్ షాపులోనే దొరుకుతుంది. అప్పటిదాకా ఈ రాత్రి వేసుకోవాల్సిన మాత్ర మాత్రం మర్చిపోవద్దు.